పాత పోస్టర్లు, పాత బాణీ బొమ్మలు: ఏరుకోవడం నుంచి పటం కట్టించడం దాకా

నేను కొన్న మొదటి "పాత" సినిమా పోస్టర్ మీద నాలుగు మడత గీతలుండేవి. గీతల దగ్గర రంగు కాస్త రాలిపోయి, కాగితం నలిగి, చూడగానే అరవై ఏళ్ల కిందటిదే అనిపించింది. ఇంటికి తెచ్చి వేలితో తడిమితే అక్కడ మడత లేదు, మడత బొమ్మ ఉంది. ఎవరి దగ్గరో ఉన్న అసలు పోస్టర్‌ని స్కాన్ చేసి, దాని మడతలతో సహా కొత్త కాగితం మీద అచ్చేశారు. దానికి ఎంత పెట్టానో ఇంట్లో ఇప్పటికీ నిజం చెప్పలేదు.

ఆ పోస్టర్ ఇప్పటికీ నా గోడ మీదే ఉంది. బాగుంటుంది కూడా. నకలు కొన్నందుకు నాకు బాధ లేదు, నకలుకి అసలు ధర ఇచ్చినందుకే. మీరు ఆ తప్పు చేయకుండా ఈ సరదా మొదలుపెట్టాలంటే ఏం చేయాలో వరసగా చెప్తాను.

1. మీకు కావలసింది ఏ రకమో ముందు తేల్చుకోండి

బజార్లో "రెట్రో" పేరుతో మూడు రకాలు దొరుకుతాయి. మొదటిది అసలు పాతది: ఆ రోజుల్లో, ఆ అవసరానికి అచ్చయిన పోస్టర్, క్యాలెండర్, పాటల పుస్తకం. రెండోది దాని నకలు. మూడోది ఈనాటి ఆర్టిస్టు పాత బాణీలో కొత్తగా గీసింది: నాలుగైదు రంగులు, చేతిరాత అక్షరాలు, రంగు గీత దాటి కాస్త పక్కకి జరిగినట్టు కనిపించే అచ్చు. (అప్పట్లో అలా రంగు జరిగితే ప్రెస్సువాడికి చీవాట్లు పడేవి. ఇప్పుడు కావాలని జరుపుతున్నారు.)

మూడూ కొనదగ్గవే. నన్నడిగితే గోడ కోసమైతే మూడోది, దాచుకోవడానికైతే మొదటిది. రెండోది చవగ్గా వస్తేనే. ఒక రకాన్ని ఇంకో రకం పేరుతో అంటగట్టినప్పుడే చిక్కు.

2. చిన్న గిరి గీసుకోండి

"పాత బొమ్మలన్నీ" అని బయల్దేరితే ఆరు నెలల్లో ఇల్లు పాత సామాన్ల కొట్టు అవుతుంది. ఒక్క సంగతి పట్టుకోండి. పాటల పుస్తకాలు మాత్రమే, లేదా అగ్గిపెట్టె లేబుళ్లు మాత్రమే, లేదా దేవుళ్ల క్యాలెండర్లు మాత్రమే.

కొత్తవాళ్లకి నేను చెప్పేది పాటల పుస్తకాలతో మొదలుపెట్టమని. సినిమా హాలు దగ్గర కొద్ది డబ్బులకే అమ్మిన పల్చటి పుస్తకాలవి. అట్ట మీద పోస్టర్ బొమ్మే చిన్నదిగా ఉంటుంది. లోపల సగం కథ చెప్పి "మిగతా కథ వెండితెరపై చూడండి" అని ఊరించి వదిలేస్తారు. చిన్నవి కాబట్టి దాచడం తేలిక, పోస్టర్‌తో పోలిస్తే ధర చాలా తక్కువ. అక్షరాలు గీసిన తీరు, రంగులు, ప్రెస్సు పేర్లు అన్నీ వీటితోనే కంటికి అలవాటవుతాయి.

బొమ్మల వైపు మనసు లాగితే మన దగ్గర కొదవ లేదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన "చందమామ" ఒక్కటే ఒక జీవితానికి సరిపడా పని. చిత్రా, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య, శంకర్ గీసిన పేజీలు అందులో ఉన్నాయి. అయితే ఒక మాట. బైండు చేసిన సంపుటాలను చించి పేజీకింత అని అమ్మేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర కొనకండి. విడి పేజీకి గిరాకీ ఉన్నంతకాలం ఇంకో సంపుటం చిరుగుతుంది.

3. ముందు మన ఇంట్లో, తర్వాత బజార్లో

అమ్మమ్మగారి ఊరి ఇంట్లో దేవుడి గూటి పైనున్న పటం దించి చూశారా? లక్ష్మి, సరస్వతి పటాల్లో చాలావరకు రవివర్మ బొమ్మల సంతానమే. ఆయన 1894లో బొంబాయిలో లితో (రాతి అచ్చు) ప్రెస్సు పెట్టించాడు. తర్వాత అది లోనావాలా దగ్గరున్న మళవ్లీకి మారి, ఒక జర్మన్ నిపుణుడి చేతికి వెళ్లింది. ఆ ప్రెస్సు దాకా పోనక్కర్లేదు, శివకాశిలో అచ్చయిన యాభై ఏళ్ల క్యాలెండర్ బొమ్మ దొరికినా అదృష్టమే. పాత పటం విప్పితే వెనక ఆనించిన వార్తాపత్రిక ముక్కను పారేయకండి. దాని మీద తేదీ ఉంటే ఆ పటం ఎప్పుడు కట్టించారో తెలిసిపోతుంది.

ఇల్లు అయ్యాక హైదరాబాద్‌లోనైతే ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాలు, కోఠిలో పాత పుస్తకాల కొట్లు, గురువారం జుమ్మెరాత్ బజార్. పొద్దున్నే వెళ్లండి. విజయవాడలో గాంధీనగర్ చుట్టుపక్కల ఒకప్పుడు సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులుండేవి, అలాంటి ఆఫీసుల్లో మిగిలిన కాగితాలు తర్వాత తూకానికి పోయాయి. గోడకెక్కిన పోస్టర్ ఎలాగూ మిగలదు. మైదా జిగురుతో అంటించి, దాని మీదే వచ్చే వారం ఇంకోటి అంటించేవారు. ఇప్పుడు మనకి దొరికేవి గోడ ఎక్కకుండా గోడౌన్లో పడున్నవే. అందుకే పాత కాగితాలు కొనే కొట్టువాళ్లతో స్నేహం చేయండి. ఫోన్ నంబరిచ్చి "బొమ్మలున్న కాగితాలొస్తే పక్కన పెట్టు బాబాయ్" అంటే చాలు. ముంబై వెళ్లినప్పుడు చోర్ బజార్ మటన్ స్ట్రీట్‌లో సినిమా పోస్టర్లు చూడొచ్చు, కానీ అక్కడ అమ్మేవాళ్లకి మనకన్నా బాగా తెలుసు. బేరానికి సిద్ధపడే వెళ్లండి.

4. భూతద్దం లేకుండా కొనకండి

నగల షాపువాళ్లు కంటికి పెట్టుకునే పదింతల అద్దం కొన్ని వందలకే వస్తుంది. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి. బొమ్మలో లేత రంగున్న చోట, మొహం మీదో ఆకాశం మీదో, అద్దం ఆనించి చూడండి.

చుక్కలు వరసలు కట్టి చిన్నచిన్న పువ్వుల్లా అల్లుకుని కనిపిస్తే అది ఆఫ్‌సెట్, అంటే ప్లేటు మీది బొమ్మని రబ్బరు మీదుగా కాగితానికి దించే ప్రెస్సు అచ్చు. వరసంటూ లేకుండా పలక మీద సుద్ద రాసినట్టు గరుగ్గా, ఎగుడుదిగుడు చుక్కలుంటే రాతి అచ్చు, అంటే లితో. రవివర్మ ప్రెస్సు బొమ్మలు ఇలా ఉండాలి. రంగుకో రాయి చొప్పున ఒకదాని మీద ఒకటి వేసేవారు కాబట్టి రంగు పొరలు తెలుస్తాయి. పిచికారీ కొట్టినట్టు సన్నటి తుంపర కనిపిస్తే ఇంక్‌జెట్, అంటే నిన్నో మొన్నో ప్రింటర్లోంచి వచ్చింది. చుక్కలే లేకుండా రంగు దట్టంగా, అంచు వేలికి తగిలేలా ఉంటే స్క్రీన్ ప్రింట్, అంటే సన్నటి జల్లెడ గుడ్డలోంచి రంగు నెట్టి వేసింది.

ఆఫ్‌సెట్ పోస్టర్‌కి ఆఫ్‌సెట్ నకలే వేస్తే ఎలా పట్టుకోవాలి? అక్షరాలు చూడండి. పోస్టర్ అడుగున ప్రెస్సు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అసలుదాంట్లో ఆ నల్ల అక్షరం నిండుగా, అంచు కోసినట్టు ఉంటుంది. నకలులో బొమ్మతో పాటు అక్షరాలూ స్కాన్ అయ్యాయి కాబట్టి అక్షరం కూడా చుక్కలుగా విడిపోతుంది. నా మడతల పోస్టర్ చివరికి దొరికిపోయింది ఇక్కడే. కొనకముందు పదిహేను సెకన్లు చూసుంటే సరిపోయేది.

తర్వాత కొలవండి. పాత సినిమా పోస్టర్లలో డబుల్ క్రౌన్ అంటే 20×30 అంగుళాలు, 30×40 సైజు కూడా బాగా కనిపిస్తుంది. 12×18, 13×19, ఏ3 లాంటి సైజుల్లో "ఒరిజినల్" అంటే నమ్మకండి, అవి డిజిటల్ ప్రింటింగ్ షాపు కాగితం సైజులు. అసలు పోస్టర్లను హాళ్లకి మడిచి పంపేవారు, కాబట్టి నిజమైన మడత ఉండటం మంచి గుర్తే. వేలితో తడమండి, వెనక్కి తిప్పి చూడండి.

చివరగా నకిలీ నోట్లు పట్టుకునే చిన్న యూవీ టార్చి. చీకట్లో వేసి చూస్తే కాగితం నీలి తెలుపులో మెరిసిందా, అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉందన్నమాట. అలాంటి కాగితం 1950 ప్రాంతం నుంచే వచ్చింది. 1910 నాటిదని చెప్పిన రవివర్మ బొమ్మ ట్యూబ్‌లైట్‌లా మెరిస్తే నవ్వి వెనక్కి ఇచ్చేయండి.

5. ఏ ఏటిదో కాగితమే చెప్తుంది

మన సినిమాలు మళ్లీ మళ్లీ విడుదలయ్యేవి. అందుకని పోస్టర్ అసలైనదే అయినా సినిమా వచ్చిన ఏటిది కాకపోవచ్చు. ఈ గుర్తులు పట్టుకుంటే చాలావరకు తేలిపోతుంది.

ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది అయ్యే అవకాశం ఎక్కువ. నయాపైసలు అని ఉంటే 1957కి, 1964కి మధ్య. అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతే. ఇంగ్లిష్‌లో మద్రాస్ బదులు చెన్నై అని ఉంటే 1996 తర్వాత. యూ/ఏ సర్టిఫికెట్ గుర్తుంటే 1983 కన్నా ముందుది కాదు.

అక్షరాలు కూడా మాట్లాడతాయి. పోస్టర్ మీద పేరును ఆర్టిస్టే కుంచెతో రాసేవాడు. పాలకొల్లు నుంచి వెళ్లి మద్రాసులో వేల పోస్టర్లు డిజైన్ చేసిన ఈశ్వర్ లాంటివాళ్ల అక్షరాలు చూస్తే ఒకే పేరులో రెండు "ల"లు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. రెండూ మిల్లీమీటరు తేడా లేకుండా ఉంటే అది కంప్యూటర్ ఫాంటు. వత్తు విడిపోయి పక్కన వేలాడుతుంటే ఇక చెప్పేదేముంది.

6. కొత్త ప్రింటు కొంటుంటే అడగాల్సినవి

ఆన్‌లైన్‌లో కొన్నా, ప్రదర్శనలో కొన్నా నాలుగు ప్రశ్నలు. కాగితం ఏమిటి, ఎన్ని జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు)? పోస్టర్‌కి 170 దాకా చాలు, ఆర్ట్ ప్రింటుకి 250 పైన ఉంటే మంచిది, నూలు కాగితమైతే ఇంకా మంచిది. ఇంకు పిగ్మెంటా (సన్నటి పొడి రంగు), డైనా (కరిగిపోయే రంగు)? డై త్వరగా వెలిసిపోతుంది. మొత్తం ఎన్ని కాపీలు? పెన్సిల్‌తో 12/50 అని రాసుంటే యాభైలో పన్నెండోదని అర్థం. ఆ యాభై ఈ సైజులోనేనా, అన్ని సైజులూ కలిపా? ఈ ఆఖరి ప్రశ్నకి తడబడితే "లిమిటెడ్" అన్న మాటకి అదనపు డబ్బులివ్వకండి. అంకె చిన్నదైతే విలువ ఎక్కువన్నది కూడా డిజిటల్ ప్రింటు విషయంలో వట్టి మాటే, మొదటిదీ యాభయ్యోదీ ఒకే ఫైలు.

రిసోగ్రాఫ్ ప్రింట్లు, అంటే యంత్రంలో స్టెన్సిల్‌తో ఒక్కో రంగూ విడిగా వేసేవి, ఈమధ్య బాగా వస్తున్నాయి. ఆ గులాబీ, ఆ నీలం ఇంకే అచ్చులోనూ రావు. కానీ ఇంకు పూర్తిగా ఆరదు, చేత్తో రాస్తే చెరుగుతుంది, ఎండకి పాలిపోతుంది. తెలిసి కొనండి.

7. ఎవరి బొమ్మ, ఎవరి హక్కు

మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా బొమ్మ మీద కాపీరైటు ఉంటుంది. రవివర్మ 1906లో, దామెర్ల రామారావు 1925లో, అడివి బాపిరాజు 1952లో పోయారు. వాళ్ల బొమ్మలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. మంచి స్కాన్ దొరికితే మీరే వేయించుకోండి: ఏ3 సైజుకి సుమారు 3,500×5,000 పిక్సెళ్లు ఉండాలి, అంతకన్నా తక్కువైతే మసకబారుతుంది. వడ్డాది పాపయ్య పోయింది 1992లో, బాపు 2014లో, శంకర్ 2020లో. వీళ్ల బొమ్మల్ని అనుమతి లేకుండా మగ్గులు, ఫ్రేముల మీద వేసి అమ్మేవాళ్లు బోలెడు. ఈనాటి ఆర్టిస్టుల పరిస్థితీ అంతే, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన బొమ్మ వారంలో ఎవరి షాపులోనో ఉంటుంది. ఆర్టిస్టుకే మెసేజ్ పెట్టి నేరుగా కొనండి. సంతకం కూడా దొరుకుతుంది.

8. దాచడం

మన వాతావరణంలో కాగితానికి శత్రువులు ముగ్గురు: తేమ, ఎండ, పురుగు. విశాఖ, కాకినాడల్లో ఉండేవాళ్లకి మొదటిది, రాయలసీమవాళ్లకి రెండోది ఎక్కువ. చెదలు, రామబాణం పురుగు అందరికీ సమానమే.

అటక మీద పెట్టకండి, నేల మీద పెట్టకండి. ఇనప బీరువా మధ్య అర, బల్లపరుపుగా, ఆసిడ్ లేని కాగితం మధ్య పెట్టి. ప్లాస్టిక్ కవరైతే పాలియెస్టర్‌ది వాడండి. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నేళ్లకి బంకగా మారి ఇంకుని లాగేస్తాయి. కలరా ఉండలు వేయొద్దు, ఆ వాసన కాగితానికీ పడదు, మనకీ పడదు. తాటాకు గ్రంథాల దగ్గర మన పెద్దవాళ్లు పెట్టిన వస కొమ్ములు గుడ్డలో మూటకట్టి, కాగితానికి తగలకుండా పెట్టొచ్చు. సిలికా జెల్ పొట్లాలు వానాకాలంలో మార్చండి. అసలు పని మాత్రం మూడు నెలలకోసారి తెరిచి చూడటమే.

తడిసిందని ఎండలో ఆరేయకండి, నీడలో ఫ్యాన్ కింద ఆరనివ్వండి. చిరిగిందని సెల్లోటేపు వేయకండి. ఆ పసుపు మరక బొమ్మ పోయినా పోదు. లామినేషన్ గురించి ఏమీ చెప్పను, తల్చుకుంటేనే కడుపు రగిలిపోతుంది. మా బంధువొకాయన తన తాతగారి నాటి క్యాలెండర్ బొమ్మని ప్రేమకొద్దీ లామినేట్ చేయించి నాకు కానుకిచ్చాడు.

9. పటం కట్టించడం

ఫ్రేములు కట్టే కుర్రాడు మంచివాడే, కానీ అతని అలవాటు వేరు. బొమ్మ వెనక జిగురు పూసి హార్డ్‌బోర్డుకి అంటించి, అంచులు ఫ్రేముకి సరిపడా కోసి, అద్దం నేరుగా ఆనించి బిగిస్తాడు. పెళ్లి ఫొటోకి అది చెల్లుతుంది. పాత రవివర్మ బొమ్మల అడుగున ప్రెస్సు పేరు కనిపించకపోవడానికి కారణం చాలాసార్లు ఇలాంటి కత్తిరింపే.

కాబట్టి దగ్గరుండి చెప్పండి. ఒకటి, అంటించొద్దు. రెండు, ఒక్క మిల్లీమీటరు కూడా కోయొద్దు, ఫ్రేమునే పెద్దది చేయమనండి. మూడు, కిటికీలా మధ్యలో కోసిన మౌంట్ బోర్డు పెట్టమనండి. ఆసిడ్ లేని బోర్డు అతని దగ్గర లేకపోతే మీరే కొనిచ్చేయండి. మౌంట్ మందమే బొమ్మకీ అద్దానికీ మధ్య ఖాళీ. అది లేకపోతే తేమ పట్టిన రోజు బొమ్మ అద్దానికి అతుక్కుంటుంది, మళ్లీ ఊడదు. బొమ్మని నిలపడానికి పాత ఫొటో ఆల్బముల్లో మూలలకు పెట్టే కాగితం కార్నర్లు చాలు. పెద్ద పోస్టరైతే పై అంచుకి రెండు చోట్ల పల్చటి జపాన్ కాగితం పట్టీలు, గోధుమ గంజి జిగురుతో. ఎప్పుడైనా నీటితో తడిపి విడదీయొచ్చు. వెనక బ్రౌన్ పేపరుతో మూసేయమనండి, వార్తాపత్రిక వద్దు. తేదీ కోసం పెట్టాలనిపిస్తే ఒక చీటీ మీద పెన్సిల్‌తో రాసి బ్రౌన్ పేపర్ బయట అంటించండి.

కిటికీకి ఎదురు గోడ మీద, వంటింటి గోడ మీద, వానకి చెమ్మ పట్టే బయటి గోడ మీద వేలాడదీయకండి. ఫ్రేము కింది మూలల్లో చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది, బల్లులు కాపురం పెడతాయి, అది వేరే సంగతి.

10. అమెరికా తీసుకెళ్లాలనుకుంటే

సెలవులకొచ్చి అమ్మమ్మగారి పటం సూట్‌కేసులో పెట్టుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. మన దేశంలో వందేళ్లు దాటిన కళావస్తువు 1972 నాటి చట్టం కింద పురావస్తువు అవుతుంది, సొంతంగా దేశం దాటించడం నేరం. వయసు విషయంలో అనుమానం ఉంటే ఆర్కియాలజికల్ సర్వేవాళ్ల దగ్గర అది పురావస్తువు కాదనే సర్టిఫికెట్ తీసుకోండి. యాభై అరవై ఏళ్ల పోస్టర్‌కి ఆ టెన్షన్ లేదు. లావుపాటి గొట్టం చుట్టూ, బొమ్మ పైకి వచ్చేలా వదులుగా చుట్టి, దాన్ని ఇంకా పెద్ద గొట్టంలో పెట్టండి. సన్నగా బిగించి చుడితే పాత ఇంకు పగులుతుంది.

11. ఒక నోటు పుస్తకం

కొన్న రోజే రాయండి: ఏమిటి, సైజెంత, ఏ రకం అచ్చు, ఎక్కడ, ఎంతకి, ఎక్కడ చిరిగింది. ఫోన్లో ముందూ వెనకా ఫొటో తీసి నంబరు వేసుకోండి. బొమ్మ వెనక మాత్రం మెత్తటి పెన్సిల్‌తో మూలన ఆ నంబరొక్కటే, పెన్ను తగలనివ్వకండి. నా పుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంటుంది: "నం. 1. సినిమా పోస్టర్. నకలు. మడతలు ముద్రించినవి. ధర: తర్వాత రాస్తాను."